ముందు సీట్లో మాష్టారు

మాష్టారు పోయారన్న కబురు నాకు వాట్సాప్‌లో వచ్చింది. నేను చూసేసరికే దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. నేనూ ఒకటి పెట్టాను. మూడేళ్ళుగా మాట మానేసిన మనిషికి బొమ్మ చేతులతో దణ్ణం పెట్టడం సుళువు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను పిల్లలకి చెప్పింది భౌతికశాస్త్రం. భవానీపురం వెళ్ళి ఆయన భౌతికకాయాన్ని చూడ్డానికి మాత్రం కాళ్ళు రాలేదు. మా పటమట నుంచి అదేమంత దూరమని. సిటీ బస్సు కూడా ఉంది.

కొన్నాళ్ళకి ఫోను. ఒకప్పటి మా విద్యార్థి, ఇప్పుడు మా కాలేజీలోనే పాఠాలు చెబుతున్నాడు.

"సార్, మాష్టారికి సంతాపసభ పెడుతున్నాం. మొదట మీరే మాట్లాడాలి."

"నేనెందుకయ్యా. పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారుగా."

"మీకంటే దగ్గరివాళ్ళు ఇంకెవరున్నారు సార్ ఆయనకి?"

దగ్గరగా నిలబడ్డాను కాబట్టే దెబ్బ గట్టిగా తగిలిందని ఫోన్లో చెప్పే మాట కాదు. వస్తానన్నాను. అన్న దగ్గర్నుంచీ ఒకటే గుబులు. అబద్ధమాడకుండా ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం ఎలా? నిజం చెప్పకుండా నోరు మూసుకోవడం ఎలా?

మంచి మాటలకి లోటు లేదు. భవానీపురంలో "విమానం మాష్టారి ఇల్లు" అంటే ఎవరైనా చూపిస్తారు. పేరుతో అడిగితే ఎవరికీ తెలియదు. పొడుగాటి మనిషి. తెల్ల ఫుల్‌హాండ్స్ చొక్కా. గడియారం మణికట్టుకి లోపలివైపు. వయసులో ఉండగా పైలట్లకి ఎగరడం నేర్పిన ఇన్‌స్ట్రక్టరు. ఆ పని ఆయన వదిలేసినా దాని అలవాట్లు ఆయన్ని వదల్లేదు. కుర్చీ వేస్తే వెంటనే కూర్చునేవారు కాదు. వీపు పట్టుకుని ఊపి, వంగి కాళ్ళు చూసి, అప్పుడు కూర్చునేవారు. ఆటో ఎక్కాలంటే దాని చుట్టూ ఒక ప్రదక్షిణం, ముందు చక్రానికి బూటుతో ఒక తాపు.

"ఎక్కుతారా, కొంటారా సాయిబు గారూ?" అన్నాడొకసారి బెంజి సర్కిల్ దగ్గర ఒక ఆటో అతను.

"కొనేదయితే ఇంత చూడను నాయనా. ఎక్కేది కదా."

వాళ్ళ నాన్నగారిది వన్‌టౌన్‌లో గొడుగుల కొట్టు. అన్నదమ్ములంతా గొడుగుల్లోనే స్థిరపడ్డారు, ఈయనొక్కరే గాల్లోకి లేచారు. అదేమిటండీ అంటే, "పెద్ద తేడా లేదండీ. రెండూ గుడ్డా ఊచలే. గాలి గట్టిగా కొడితే రెండూ తిరగబడతాయి" అనేవారు. నేల విడిచి సాము చెయ్యడం మా వంశంలో ఎవరికీ లేదు. నేను ఇంట్లో బల్బు మార్చడానికి స్టూలు ఎక్కినా మా ఆవిడ వచ్చి పట్టుకోవాలి. అలాంటి నన్నూ ఆయన్నీ కలిపింది ఒక విమానం.

ఇబ్రహీంపట్నం దాటాక, థర్మల్ స్టేషను పొగగొట్టాలు కనబడుతూ ఉండగానే మా ఇంజనీరింగు కాలేజీ వస్తుంది. దాని వెనక రేకుల షెడ్డులో, విరిగిన బెంచీల మధ్య, పిల్లలకి చూపించవచ్చని ఎప్పుడో ఎవరో తుక్కు వేలంలో పాడుకొచ్చిన పాత విమానం ఒకటి ఉండేది. రెండు జతల రెక్కలు, ఒకదాని మీద ఒకటి. రెండు సీట్లు, ఒకదాని వెనక ఒకటి. సైన్యానిదే గాని యుద్ధం చేసేది కాదు, చెయ్యబోయేవాళ్ళకి ఎగరడం నేర్పేది. అంటే విమానాల్లో బడిపంతులు. పిల్లలు దాన్ని డబల్ డెక్కర్ అనేవాళ్ళు. అసలు పేరు చెప్పినా మీరు విని ఉండరు. తయారు చేసిన కంపెనీ మూతపడేనాటికే దాన్ని మర్చిపోయి ఉంటుంది. రెక్కాడితేగాని డొక్కాడదంటారు. దానికి రెక్కాడదు, నాకేమో మొదటి తారీఖుకల్లా డొక్క ఆడిపోతోంది. అందుకని చాలా ఏళ్ళు నేను ఆ షెడ్డు వైపు తిరిగి చూడలేదు.

నేను రిటైరయ్యే ఏడాది ఒక పెద్దాయన గేటు దగ్గర వాచ్‌మన్‌తో వాదిస్తూ కనబడ్డారు. లోపల విమానం ఉందట, చూసి పోతానంటున్నారు. నేను తీసుకెళ్ళాను. షెడ్డు తలుపు తియ్యగానే నన్ను దాటుకుని లోపలికెళ్ళారు. చుట్టూ తిరిగారు. చక్రాన్ని బూటుతో తన్నారు. తరవాత రెక్కకి రెక్కకీ మధ్య ఉన్న ఒక తీగని గోటితో మీటి, చెవి ఒగ్గి విన్నారు.

"ఇందులో నేర్చుకున్నానండీ నేను. తరవాత ఇందులోనే నేర్పాను. ఇలాంటిది కాదు. ఇదే."

ఆ తరవాత నాకు మిగిలినవి పింఛనూ, ఆదివారాలూ. ఆదివారాలన్నీ ఆ షెడ్డుకి రాసిచ్చేశాను. మేమిద్దరం కలిసి దాన్ని బాగుచెయ్యడం మొదలుపెట్టాం. ఎగరడానికి కాదు. కృష్ణా జిల్లా పిల్లలు ఎప్పుడొచ్చినా చూసేలా, ఎక్కి కూర్చునేలా, మా ఊళ్ళోనే ఒక చోట నిలబెట్టడానికి. ఉద్యోగం పోయాక మనిషికి ఏదో ఒకటి నిలబెట్టాలని ఉంటుంది. నాకు అదే దొరికింది.

దాన్ని ఆయన చెప్పగా చూడాలి. ఒళ్ళంతా కర్రా, ఇనప గొట్టాలూ. పైన గుడ్డ తొడుగు. గుడ్డకి వార్నీషులాంటిది ఒకటి పూస్తే ఆరాక బిగిసి డప్పులా మోగుతుంది. పెట్రోలు ట్యాంకు పై రెక్క నడుమ, మన నెత్తి మీద. పంపు లేదు. "మన కాలవ నీళ్ళేనండీ. పల్లానికి వాటంతటవే వస్తాయి" అనేవారు. రెక్కలు కొంచెం వెనక్కి వాలి ఉండేవి. ముందు సీటువాడు పారాషూట్‌తో దూకాల్సి వస్తే నెత్తిన రెక్క అడ్డు రాకూడదని. ఇక తీగలు. కొన్ని నేల మీద ఉన్నప్పుడు రెక్కలు కిందికి వేలాడిపోకుండా పట్టుకునేవి. కొన్ని గాల్లోకి లేచాక రెక్కలు పైకి విరిగిపోకుండా పట్టుకునేవి. నేల తీగలు, గాలి తీగలు అని మేం పేర్లు పెట్టుకున్నాం. వచ్చిన ప్రతిసారీ ఆయన గాలి తీగల్ని మీటి, "పాపం, వీటికి పని లేక ఎన్నాళ్ళయిందో" అనేవారు. గాలి కబురు కదా అని నేను పట్టించుకోలేదు.

దాని చరిత్ర కూడా ఆయన నోటినుంచే. యూరప్‌లో ఒక చిన్న దేశం తన సైన్యానికి శిక్షణ విమానం కావాలని పోటీ పెట్టింది. రెండు కంపెనీలు చెరొకటి చేసుకొచ్చాయి. ఇది ఓడిపోయింది.

"బాగా లేక కాదండీ. మరీ బాగుండి."

"బాగుంటే ఎవరైనా వద్దంటారా మాష్టారూ?"

"తప్పు చేస్తే ఊరుకునేదండీ ఇది. కుర్రాడు వేగం తగ్గించేశాడనుకోండి, తనే మెల్లగా ముక్కు దించుకుని సర్దుకునేది. అడ్డదిడ్డంగా దించినా చక్రాల స్ప్రింగులు కుంగి ఆ దెబ్బని మింగేసేవి. నేర్పే విమానం కొంచెం కొట్టాలండీ. ఇది కొట్టదు. వాడు తనకి వచ్చేసిందనుకుంటాడు. తరవాత అసలు విమానం ఎక్కి చచ్చిపోతాడు."

ఆర్డరు రెండోదానికి పోయింది. అప్పటికే తయారైన కొద్ది విమానాలూ అయినకాడికి అమ్ముడుపోయాయి. యుద్ధం ముదిరి, రెక్కలున్నది ఏదైనా చాలనుకునే రోజులొచ్చాక వాటిలో కొన్ని పెట్టెల్లో సర్దుకుని ఓడెక్కి ఇండియా వచ్చాయి. యుద్ధం అయ్యాక ఒకటి ఒక శిక్షణ స్కూల్లో మిగిలింది. అక్కడికి గొడుగుల కొట్టు కుర్రాడొకడు వచ్చి చేరాడు. తరవాత రేకు విమానాలు వచ్చి గుడ్డ విమానాన్ని మూలకి నెట్టాయి.

ఆ రెండు సీట్ల మధ్య ఒక రబ్బరు గొట్టం ఉండేది. ఇంజను మోతలో ఇన్‌స్ట్రక్టరు ముందు సీట్లో గొట్టంలోకి మాట్లాడితే వెనక సీట్లో విద్యార్థి చెవికి వినబడుతుంది. తిరిగి మాట్లాడ్డానికి రెండో గొట్టం లేదు. విద్యార్థి విన్నానని చెయ్యెత్తాలి, అంతే. ముందు సీటుకి పెట్టిన చిన్న అద్దంలో ఆ చెయ్యి కనబడుతుంది. పాత గొట్టం ఎండి పగిలిపోతే ఇద్దరం గవర్నరుపేటలో తిరిగి ఇంకోటి తెచ్చి బిగించాం. అప్పటినుంచీ పని అయ్యాక కాసేపు ఎక్కి కూర్చునేవాళ్ళం. ఇంజను లేదు, మోత లేదు, ఆయన వీపు నాకు చేతికందే దూరంలో ఉంది. అయినా గొట్టంలోనే మాట్లాడేవారు.

నేల మీద నన్ను ఆయన ఎప్పుడూ "లెక్చరర్ గారూ, మీరు" అనేవారు. సీట్లో కూర్చోగానే గారు దిగిపోయేది.

"ఒరేయ్ అబ్బాయ్, ఎడమకాలు. ఎడమకాలు నొక్కు. కొండ కనబడుతోందా?"

ఎదురుగా ఉన్నది రేకుల గోడ. అరవై దాటిన అబ్బాయిని. చెయ్యెత్తేవాణ్ణి.

"బారేజి దాటాం. అవిగో, నీళ్ళు ఎంత పల్చగా ఉన్నాయో చూడు. మెల్లగా తిప్పు. మెల్లగారా, బస్సు కాదు."

రెండు సీట్లలోనూ విమానాన్ని నడిపే కర్ర చెరొకటి ఉండేది. అడుగున రెండింటినీ కలిపారు కాబట్టి నేను కదిపితే ఆయన ముందున్నదీ కదిలేది, ఆయన కదిపితే నాదీ. "కర్ర మీద నా చెయ్యి ఎప్పుడూ ఉండదండీ, అంగుళం దూరంలో ఉంటుంది. కుర్రాడు తప్పు చేసేదాకా ముట్టుకోకూడదు" అనేవారు దిగాక. అది ఆయన సిద్ధాంతం. దాని రుచి నేను ఒకసారి చూశాను. కింద రెక్క గుడ్డ చినిగితే నేను ఒక గొప్ప ఉపాయం చెప్పాను. ఆ వార్నీషు దొరకడం లేదు కదా, నేత చీరకి పెట్టినట్టు గంజి పెడదామన్నాను. బిగుతు అంటే బిగుతే కదా. గంజి గురించి పాఠం కూడా చెప్పాను. ఆయన తల పంకించి, "మీ ఇష్టమండీ" అన్నారు. మా ఆవిడ చేత పెద్ద గిన్నెడు గంజి కాయించి తీసుకెళ్ళి పూశాను. ఆరాక నిజంగానే డప్పులా మోగింది. మరుసటి ఆదివారానికి ఎలకలు సంతర్పణ చేసుకున్నాయి. మిగిలినదాన్ని చీమలు మోసుకుపోతున్నాయి.

"ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా మాష్టారూ?"

"తెలుసండీ."

"చెప్పకూడదూ?"

"చెబితే మీకు ఎలకల సంగతి తెలిసేది కాదు కదండీ."

అప్పుడు పడీపడీ నవ్వాను. నవ్వాల్సిన చోటు కాదని తెలియలేదు.

కాలేజీవాళ్ళు కొత్త బ్లాకు కట్టడానికి షెడ్డు పడగొడతామన్నారు. విమానాన్ని మీరే తీసుకుపొమ్మన్నారు. అందుకోసం ఒక సంఘం పెట్టాం. ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శి, సభ్యులు ఇంకెవరూ లేరు. ఏ పనికైనా అధ్యక్షుడి సంతకం ఒక్కటి చాలునని నిబంధన రాసిన మేధావిని నేనే. పెద్దవారు కదా అని గౌరవం. నేను భవానీపురంలో, గొల్లపూడిలో, కనబడిన ప్రతి ఖాళీ గోడౌను యజమానినీ కాళ్ళావేళ్ళా పడుతున్న రోజులవి. విమానం పుట్టిన దేశం నుంచి, పాత విమానాల్ని బాగుచేసి ఎగరేసే సంఘంవాళ్ళు ఇద్దరొచ్చి చూసిపోయారు. తీసుకుపోతామన్నారు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు వెళ్ళాక మాష్టారు నా చెయ్యి పట్టుకున్నారు.

"మనమిద్దరం ఉండగా ఇది ఇక్కణ్ణించి కదలదు లెక్చరర్ గారూ."

ఆ మాట మీద నేను ఇంకో నాలుగు గోడౌన్లు తిరిగాను.

ఒక ఆదివారం పొద్దున్నే ఫోను చేశారు. పై రెక్కకి గుడ్డ కావాలి, మంగళగిరి వెళ్ళి సన్న నేత తాను ఒకటి తెమ్మన్నారు. "మీరైతే నేత చూసి తెస్తారు. తొందరేం లేదు, నాలుగు కొట్లు తిరగండి." నాకు నేత గురించి ఏమీ తెలియదు. అయినా ఆ మాటకి ఉబ్బిపోయి నాలుగు కాదు, ఊళ్ళో ఉన్న కొట్లన్నీ తిరిగాను. పోగులు లెక్కపెట్టమని అడిగితే ఒక కొట్టాయన, "పంచెలకేనా అండీ, ఇంకేదైనా ప్రయోగమా?" అన్నాడు. విమానానికన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు, మంచినీళ్ళు ఇప్పించాడు.

మధ్యాహ్నం తాను భుజాన వేసుకుని షెడ్డుకి వెళ్ళాను. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. బెంచీలున్నాయి. విమానం లేదు.

"ఏం సార్, ఇప్పుడా రావడం? అంతా అయిపోయింది కదా," అన్నాడు వాచ్‌మన్.

"ఏమయిపోయింది?"

"కంటైనరు వెళ్ళిపోయింది. మాష్టారు పొద్దున్నుంచీ దగ్గరుండి ఎక్కించారు. రెక్కలు విడిగా, బాడీ విడిగా. పెళ్ళికూతురి సారె సర్దినట్టు సర్దారు సార్." అని నా మొహం చూసి ఆగాడు. "మీకు తెలుసు కదా సార్?"

"తెలుసు," అన్నాను.

అక్కణ్ణించి తిన్నగా భవానీపురం వెళ్ళాను. మాష్టారు వరండాలో కూర్చుని ఉన్నారు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, మోచేతుల దాకా గ్రీజు. కూర్చోమని కుర్చీ చూపించారు.

"మీకు చెబితే వద్దనేవారు."

"అనేవాణ్ణి."

"అందుకని చెప్పలేదండీ."

"మీరు నాకు మాటిచ్చారు మాష్టారూ."

"ఇచ్చానండీ. రెక్కల్లో కర్ర పుచ్చిపోతోంది. మన తేమకి ఇంకో రెండు వానాకాలాలు ఆగేది కాదు. మీరు దాన్ని నిలబెట్టాలనుకున్నారు. అది నిలబడే వస్తువు కాదండీ."

"ఆ మాట నాతో అనచ్చుగా. నన్ను ఊళ్ళో లేకుండా చేసి పంపించడం ఏమిటి? గుడ్డ కావాలని అబద్ధం చెప్పి."

"అబద్ధం చెప్పలేదండీ. గుడ్డ కావాలన్నాను, కావాలి. ఎక్కడికి పోయినా పై రెక్కకి గుడ్డ వెయ్యాలి కదా." నా భుజం మీది తాను అంచు వేళ్ళతో నలిపి చూశారు. "మంచి నేత తెచ్చారు. ఇలా ఇవ్వండి, రేపు కొరియర్‌లో పంపిద్దాం."

లోపల్నుంచి టీ వచ్చింది. తాగకుండా లేచాను. తెచ్చిన తాను ఆయనకి ఇవ్వలేదు. మా ఆవిడ దానితో ఇల్లంతటికీ గలీబులు కుట్టించింది. ఆ తలగడల మీద నాకు ఇప్పటికీ సరిగ్గా నిద్ర పట్టదు.

ఆయన ఫోన్లు చేశారు, ఎత్తలేదు. మరుసటి ఏడు వీడియో ఒకటి పంపారు. పచ్చిక మైదానం, మబ్బు పట్టిన ఆకాశం. మా విమానం కుంటుకుంటూ పరిగెత్తి, ఉన్నట్టుండి నేలని వదిలేసింది. రెండు సీట్లలోనూ మేమిద్దరం కాని ఇద్దరు. ఎన్నిసార్లు చూశానో చెప్పను. చూసి, ఆయన్ని బ్లాక్ చేశాను.

ఇదంతా కడుపులో పెట్టుకుని సంతాపసభకి వెళ్ళాను. సెమినార్ హాలు. ఫొటోకి దండ వెయ్యాలా వద్దా అని కుర్రాళ్ళు తర్జనభర్జన పడి, చివరికి పూలు బల్ల మీద పరిచారు. ముందు వరసలో మాష్టారి కూతురు, నల్ల బురఖాలో. స్కూల్లో లెక్కల టీచరు. నాకు ఫోను చేసిన కుర్రాడు మైకు అందుకున్నాడు.

"ఇప్పుడు మాట్లాడబోయే సార్ గురించి ఒక్క మాట చెప్పాలి. మన డబల్ డెక్కర్‌ని బయటికి పంపడానికి మాష్టారు ససేమిరా ఒప్పుకోలేదు. ప్రాణం పోయినా కదలనివ్వనన్నారు. అప్పుడు మన లెక్చరర్ గారే, 'మాష్టారూ, అది నిలబడే వస్తువు కాదు, ఎగిరే చోటికి పంపించండి' అని నచ్చజెప్పారు. మాష్టారు చిన్నపిల్లాడిలా ఏడ్చారట. ఈ సంగతి మాష్టారే మాకు ఎన్నోసార్లు చెప్పారు. సార్ మాత్రం ఎక్కడా చెప్పుకోలేదు. అదీ వారి పెద్ద మనసు."

చప్పట్లు మోగాయి. నా మాటలు ఆయన వాడుకుని, ఆయన మాటలు నా నోట్లో పెట్టారు. విమానంతో పాటు నా మొండితనం, నా దుఃఖం కూడా ఎత్తుకుపోయారు. ఎందుకు? నింద నా నెత్తిన పెట్టారా, గొప్ప నా జేబులో వేశారా? ఏదైనా కానీ, నన్నడక్కుండానే.

మైకు నా చేతిలో పెట్టారు. నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఎదురుగా కూతురు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, మొహం పైకెత్తి, పాఠం వినే పిల్లలా చూస్తోంది. బల్ల మీద ఫొటోలో ఆయన ఏ సంగతీ తేల్చకుండా పక్కకి చూస్తున్నారు.

"మాష్టారిని ఒప్పించడం అంత తేలిక కాదండీ," అన్నాను. "చాలా మొండివారు."

హాలంతా మెత్తగా నవ్వింది. ఇంకో రెండు మాటలు చెప్పి కూర్చున్నాను. కాలికింద నేల ఉందో లేదో తెలియలేదు.

సభ అయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చింది.

"మొదట్లో మీ మీద మాకు చాలా కోపంగా ఉండేదండీ. మా అబ్బాజాన్ చేత అంత పని చేయించారని. ఆయనే సర్దిచెప్పేవారు, లెక్చరర్ గారిది తప్పు కాదమ్మా, మంచికే చెప్పారని. మీరు ఇంటికి రావడం మానేస్తే కూడా, మా మొహం చూడలేక రావడం లేదనుకున్నాం."

"అంతేనమ్మా," అన్నాను.

"ఒక్కటి అడగనా అండీ? మా అమ్మ పోయినప్పుడు కూడా ఆయన ఏడవలేదు. ఏడుపు రాని మనిషి. ఆ రోజు మీ ముందు నిజంగా ఏడ్చారా?"

ఆ రోజు మంగళగిరి గుడ్డ ఒళ్ళో పెట్టుకుని ఇబ్రహీంపట్నం నుంచి భవానీపురం దాకా ఏడ్చింది ఎవరో, అప్పుడు ఆటో నడిపినతనికి తెలుసు. గొల్లపూడి దాటాక అద్దంలోంచి చూసి, "పోయినవాళ్ళు మీకేమవుతారండీ?" అని కూడా అడిగాడు.

"ఏడ్చారమ్మా," అన్నాను. "చాలాసేపు."